మా అక్క కొడుకు పుస్తకం: ఒక స్పానిష్ వాక్యానికి వ్యాఖ్య

మూలం: ఎల్ ఇహో దె మి ఎర్మానా తియేనె తు లీబ్రో, నో ఎల్ సూయో, ఇ లె దువేలె లా కబేసా.

తాత్పర్యం: మా అక్క కొడుకు దగ్గరున్నది నీ పుస్తకం, వాడిది కాదు, పైగా వాడికి తలనొప్పి.

డాలస్‌లో చదువుకుంటున్న మా అన్నయ్య కూతురు ఈ ఏడాది స్కూల్లో స్పానిష్ తీసుకుంది. ‘బాబాయ్, నావి నీవి అనడం దగ్గరే మార్కులన్నీ పోతున్నాయి’ అంది. దానికోసం కట్టిన వాక్యమిది. ఆ పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ హోమ్‌వర్క్ ఇంగ్లీషులో ఆలోచించి రాస్తుంది. తప్పులన్నీ అక్కడే పుడుతున్నాయి. అందుకే మన పాతకాలపు పద్ధతిలో ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

ఎల్ ఇహో దె: ఇహో అంటే కొడుకు, ఎల్ దాని ముందుండే ఆర్టికల్. అసలు పని చేసేది ‘దె’. ఇంగ్లీషులో పేరు చివర అపాస్ట్రఫీ పెట్టి ఎస్ తగిలిస్తే సొంతదారు తేలిపోతాడు. స్పానిష్‌లో ఆ సౌకర్యం లేదు. ముందు వస్తువు, తర్వాత దె, ఆ తర్వాత సొంతదారు. మరియా ఇల్లు అనాలంటే ‘లా కాసా దె మరియా’. ‘లా పుయెర్తా దె లా కాసా దె లా ఎర్మానా దె హువాన్’ అన్నదాన్ని చివరి నుంచి వెనక్కి చదవండి: హువాన్, అక్క, ఇల్లు, తలుపు. హువాన్ అక్క ఇంటి తలుపు! మన వరుసను తిరగేస్తే వాళ్ల వరుస. స్పానిష్ వ్యాకరణవేత్త నెబ్రిహా 1492లో అచ్చువేయించిన వ్యాకరణం పేరు ‘గ్రామాతికా దె లా లెంగువా కాస్తెయానా’ కూడా ఇలాగే కాస్తీల్ భాషా వ్యాకరణం అవుతుంది.

స్పానిష్‌కు తల్లి అయిన లాటిన్‌కు షష్ఠీ విభక్తి ఉండేది. అది అరిగిపోయాక, ‘నుంచి’ అనే అర్థమున్న దె ఆ బరువు ఎత్తుకుంది. పాత షష్ఠి గుర్తులు వారాల పేర్లలో మిగిలాయి. మంగళవారం మార్తెస్ అంటే మార్స్ దేవుడి రోజు, గురువారం హువేబెస్ అంటే జూపిటర్ రోజు. ఇంకో చిన్న మెలిక: దె పక్కన ఆర్టికల్ ‘ఎల్’ వస్తే రెండూ కలిసి ‘దెల్’ అయిపోతాయి. ‘అతను’ అనే అర్థంలో వచ్చే ఎల్‌కు మాత్రం ఈ సంధి లేదు. అది ‘దె ఎల్’గానే ఉంటుంది.

మి: నా. మి ఎర్మానా అంటే అక్కో చెల్లెలో చెప్పలేం, రెంటికీ ఒకటే మాట. మనం ‘మా అక్క’ అన్నచోట వాళ్లు ‘నా అక్క’ అనే అంటారు. మన, మా అనే తేడా వాళ్లకు లేదు. రెంటికీ నువేస్త్రో ఒక్కటే. అది కూడా వస్తువును బట్టి మారుతుంది. కొడుకైతే నువేస్త్రో ఇహో, కూతురైతే నువేస్త్రా ఇహా. మాట్లాడేది తండ్రా తల్లా అన్నదానితో పని లేదు.

తియేనె: ‘తెనేర్’ క్రియకు ప్రథమ పురుష రూపం. పుట్టుకలో దీని అర్థం పట్టుకోవడం. మనకు ‘నాకు ఇద్దరు అక్కలు’ వేరు, ‘నా దగ్గర పుస్తకం ఉంది’ వేరు. స్పానిష్‌లో రెంటికీ తెనేరే. ఇంగ్లీషు పిల్లలకు ఇది సులువే, వయసు దగ్గర, ఆకలి దగ్గర తప్ప. ఇరవై ఏళ్లు ‘ఉన్నాను’ అనరు, ‘తెంగో బెయింతె ఆన్యోస్’, ఇరవై ఏళ్లు నాకున్నాయి అంటారు. ఆకలి కూడా అంతే, ‘తెంగో ఆంబ్రె’.

తు: నీ. దీర్ఘచిహ్నంలాంటి గీత పైన పెడితే ‘నువ్వు’, పెట్టకపోతే ‘నీ’. మర్యాదగా మాట్లాడాల్సిన పెద్దవాళ్లతో, పరిచయం లేనివాళ్లతో తు అనకూడదు, ‘సు’ అనాలి. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట కాబట్టి అక్కడి పిల్లలు తడబడతారు. నీ పుస్తకం, మీ పుస్తకం అనే తేడా పాలతో నేర్చుకున్న పిల్లకు దీన్ని కొత్తగా నేర్పక్కర్లేదు.

ఎల్ సూయో: వాడిది. వాక్యం మొత్తంలో ఆగి చూడాల్సిన మాట ఇదే. ముందు దీని పొట్టి రూపం సు సంగతి. అతని, ఆమె, వాళ్ల, మీ: అన్నిటికీ సు. వస్తువులు ఒకటికి మించితే సుస్. ‘వాళ్ల పుస్తకం’ అనడానికి ఆ పిల్ల ‘సుస్ లీబ్రో’ అని రాసింది. మనుషులు చాలామంది కదా అని దాని లెక్క. కానీ పుస్తకం ఒక్కటే, కాబట్టి సు లీబ్రో. ఎందరిదైనా సరే, సు వస్తువునే చూస్తుంది. లాటిన్‌లో దీని పూర్వరూపం మన ‘తన’ లాంటిది, కర్తనే చూపేది. స్పానిష్‌లో ఆ కట్టుబాటు పోయింది. అందుకే ‘సు కాసా’ అంటే ఎవరి ఇల్లో తేలనప్పుడు లా కాసా దె ఎల్, దె ఎయా, దె ఉస్తెదెస్ అని విప్పి చెబుతారు.

మి, సు నామవాచకం ముందు నిలబడతాయి. మీయో, సూయో దాని తర్వాతో, ఒంటరిగానో నిలబడతాయి. నా, నాది అన్నట్టే. ఇంకా లోపలికి చూడండి: పుస్తకం నాది, పుస్తకాలు నావి, ఆ పిల్లాడు నావాడు. మనమూ వస్తువును బట్టే మాట మారుస్తాం! మీయో, మీయా, మీయోస్, మీయాస్ చేసే పని ఇదే. ఈ మాట చెప్పగానే ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘నావి, మీయోస్’ అని తనే నాలుగైదు వస్తువులకు చెప్పుకుంది.

లె దువేలె లా కబేసా: లె అంటే వాడికి. దువేలె, నొప్పి పెడుతోంది. లా కబేసా, తల. ‘వాడి’ అనే మాట ఎక్కడా లేదు! ఇంగ్లీషువాళ్లు ప్రతి అవయవం ముందూ నా, నీ తగిలించాలి. పాఠ్యపుస్తకాల స్పానిష్ ఎవరికి నొప్పో చెప్పి, అవయవానికి ఉత్త ఆర్టికల్ పెడుతుంది. చేతులు కడుక్కోవడానికి ‘మె లాబో లాస్ మానోస్’. ఎవరి చేతులన్న ప్రశ్నే రాదు. మనమూ ‘చేతులు కడుక్కుంటాను’ అంటాం తప్ప ‘నా చేతులు’ అనం. ‘కొను’ చేసే పనిని అక్కడ ‘మె’ చేస్తోంది.

అమెరికాలో మీ పిల్లల స్పానిష్ కాగితం మీద ‘మిస్ మానోస్’ (నా చేతులు) అని కనిపిస్తే, కొట్టేసేముందు ఒక్కసారి అడగండి: ‘ఇదే మాట మన ఇంట్లో ఎలా అంటాం?’