ఆ నర్సు పేరు ఎవరూ రాయలేదు

ఇవాళ లండన్‌లోని ఒక నర్సు గురించి చెప్తాను. పేరు మాత్రం అడక్కండి, డాక్టరుగారు రాయలేదు.

1888లో విలియం గల్ ‘లాన్సెట్’ పత్రికలో 14 ఏళ్ల అమ్మాయి కేసు ప్రచురించారు. తిండి మానేసి ఎముకల గూడైపోయింది, అయినా వీధుల్లో నడుస్తూనే ఉండేది. ఈ జబ్బుకి ‘అనొరెక్సియా నెర్వోసా’ అని పేరుపెట్టింది ఆయనే. గైస్ ఆసుపత్రి నుంచి ఒక నర్సుని పిలిపించి, కొద్ది గంటలకోసారి తేలికపాటి ఆహారం పెట్టించారు. ఇలాంటి రోగుల్ని చూసుకోడానికి బంధువులు పనికిరారని ఆయన ముందునుంచీ అనేవారు. కాస్త కఠినమే లెండి. కొన్ని నెలలకి తల్లి ఉత్తరం రాసింది: దాదాపు కోలుకుంది, నర్సు వెళ్లిపోయి మూడు వారాలైంది అని.

ఇక 1921, స్విట్జర్లాండు. బిన్స్‌వాంగర్ ఆసుపత్రిలో ‘ఎలెన్ వెస్ట్’ అని మారుపేరుతో మనకి తెలిసిన ఆమె. ఈమెదీ లావైపోతానన్న భయమే. స్కిజోఫ్రెనియా అని తేల్చారు. ఆ మాట పుట్టించిన బ్లాయ్లరే ఔనన్నారు. ఇక నయం కాదనుకుని ఇంటికి పంపేశారు. మూడోరోజున ఆత్మహత్య చేసుకుంది. అది నిజంగా స్కిజోఫ్రెనియానేనా అని తర్వాత చాలామంది వాదించారు. నాకు మాత్రం, జబ్బు పేరు తేలగానే సంరక్షణ ఆగిపోవడమే మింగుడుపడదు.