గోదావరి బియ్యము – ప్రపంచ విపణి

పట్టిసీమకడ నది నడుమ కొండపై వెలసిన వీరభద్రస్వామిని దర్శించి మరలు యాత్రికునకు, ఆ కొండను ఒరసికొని పారు నీరే దిగువను పంటయై, బియ్యమై సముద్రము దాటునని తోచకపోవచ్చును. 1833 నాటి కరవు ఈ సీమను క్రుంగదీసినది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన పిదప, కాలువలు పొలములను తడుపుటయే కాక, ధాన్యపు పడవలను కాకినాడ రేవునకు నడిపినవి.

అయినను మన కూలీలెందరో రంగూనుకు వలసపోయి అచ్చటి మిల్లులలో బస్తాలు మోసిరి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమింపగా ఆ బియ్యము మనకు రాక నిలిచిపోయినది. మరుసటి యేటి వంగదేశపు క్షామమునకు గల హేతువులలో ఇదియు నొకటి.

నాడు కొన్నవారము, నేడు అమ్మువారము. 2022లో ప్రపంచ బియ్యపు వాణిజ్యమున భారతదేశపు వాటా ఇంచుమించు 40 శాతము. ఇంట ధరలు పెరుగకుండుటకై 2023 జూలైలో ప్రభుత్వము బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధింపగా ప్రపంచ విపణిలో ధర పెరిగినది. కాకినాడ బియ్యము తిను ఆఫ్రికా దేశములు ఇక్కట్లు పడినవి. 2024 సెప్టెంబరులో ఆ నిషేధము తొలగినది.

మన గాదె మనకు ముఖ్యమే. కాని రేవు మూసినపుడు రైతునకు పైధర దక్కదు. దూరదేశమున పేదవాని కంచము వెలితిపడును. రంగూను బియ్యమునకై ఎదురుచూచిన మనకు ఆ వెలితి తెలియనిది కాదు.