మునిగిన ఓడలు తేలాయి

2002 జూలైలో అమెరికా ఫౌజ్ ఒక ఫర్జీ జంగ్ చేసింది. పేరు మిలీనియం ఛాలెంజ్, ఖర్చు 25 కోట్ల డాలర్లు. కొంత మైదానంలో, ఎక్కువ భాగం కంప్యూటర్ సిమ్యులేషన్‌లో.

గల్ఫ్ తీరపు దుష్మన్ పాత్ర రిటైర్డ్ మెరైన్ జనరల్ పాల్ వాన్ రైపర్‌ది. ఆయన రేడియో ముట్టలేదు. ఖబర్లు మోటార్‌సైకిళ్ల మీద పంపాడు, మినార్ల నుంచి అజాన్ వేళ సంకేతాలిప్పించాడు (మన అజాన్ వాళ్ల లెక్కల్లోకి అలా చేరింది చూడండి!). ఆపైన ఒక్కసారిగా క్షిపణులు, చిన్న పడవలు. తెర మీద 16 నౌకలు గల్లంతు. నిజమైతే వేల జనాజాలు లేచేవి.

అధికారులు ఆట ఆపి, ఓడలు తేల్చి, మళ్లీ మొదలెట్టారు. రాడార్లు ఆన్ చేసి పెట్టమని వాన్ రైపర్‌కి హుకుం! ఆయన విసిగి కమాండ్ వదిలేశాడు. చివరికి ఫతే అమెరికాదే అయింది.

2003 మార్చిలో ఇరాక్ మీద అసలు జంగ్ మొదలైంది. అందులో పోయిన ఇరాకీల లెక్క ఇప్పటికీ తేలలేదు.