మీ ఆఫీస్ ప్యాంట్రీలోని ‘ఎర్ల్ గ్రే’ ఎవరు?

హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకి ఈ ప్యాకెట్ కొత్తేం కాదు. మీద ‘ఎర్ల్ గ్రే గ్రీన్ టీ’ అని ఉంటుంది. తెరవగానే నిమ్మకాయా కాదు, నారింజా కాదు అన్నట్టు ఒక వాసన. అదే బెర్గమాట్. దక్షిణ ఇటలీలోని కలాబ్రియాలో ఎక్కువగా పండే పుల్లటి కాయ అది. దాని తొక్క నుంచి తీసిన నూనెని టీ ఆకుకి పట్టిస్తారు. మన దబ్బకాయ తొక్కని గిల్లి చూడండి, కొంచెం ఆ దారిలోనే ఉంటుంది.

చాలామంది దీన్ని సలసల మరిగే నీళ్లలో వేసి, చేదుగా ఉందని పక్కన పెట్టేస్తారు. గ్రీన్ టీకి 80 డిగ్రీల వేడి చాలు. నీళ్లు మరిగాక కాసేపు ఆగి పోయండి, రెండు మూడు నిమిషాల్లో ఆకు తీసేయండి. సేమ్యా పాయసంలోనూ బాగుంటుంది. స్టవ్ కట్టేశాక, వేడి పాలలో ఒక టీ బ్యాగ్ ఐదు నిమిషాలు ఉంచండి. నిమ్మరసం పడితే పాలు విరుగుతాయి. ఇది తొక్క నూనె కాబట్టి విరగవు. మరిగిస్తే మాత్రం వాసన ఎగిరిపోతుంది.

సరే, ఈ గ్రే ఎవరు? చార్లెస్ గ్రే, 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధాని. చైనాలో ఎవరో పెద్ద అధికారి కొడుకుని కాపాడితే, థాంక్స్‌గా ఈ టీ రెసిపీ ఇచ్చారని నెట్‌లో ఓ కథ తిరుగుతుంటుంది. నమ్మకండి. గ్రే చైనా వెళ్లనే లేదు. అసలు ఇంగ్లండ్‌లో కొందరు వ్యాపారులు మామూలు టీని ఖరీదైనదిగా అమ్మడానికి బెర్గమాట్ కలిపేవాళ్లు. 1837లో ఒక కంపెనీ మీద ఇదే ఆరోపణ వచ్చింది.

గ్రేకీ టీకీ అసలు లింకు ఆ వాసనలో లేదు, ఒక చట్టంలో ఉంది. అప్పటిదాకా చైనా టీని బ్రిటన్‌కి తెచ్చే హక్కు ఈస్టిండియా కంపెనీ ఒక్కదానిదే. గ్రే ప్రభుత్వం తెచ్చిన 1833 చార్టర్ చట్టం ఆ గుత్తాధిపత్యాన్ని తీసేసింది. చైనా వ్యాపారం చేజారాక, టీని ఇండియాలోనే ఎందుకు పండించకూడదు అన్న ఆలోచన ఊపందుకుంది. 1834లో గవర్నర్ జనరల్ బెంటింక్ టీ కమిటీ వేశాడు. అస్సాంలో టీ మొక్క ముందే ఉంది, అక్కడి సింగ్ఫో జనం వాడుతూనే ఉన్నారు. 1839 జనవరిలో అస్సాం టీ లండన్ వేలంలోకి వెళ్లింది.

మన ఇరానీ చాయ్‌కి కావలసిన నల్లటి, ఘాటైన పొడి ఆ దారిలో వచ్చిందే. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు దాన్ని మూతేసి దమ్ మీద ఉంచి, విడిగా మరిగించిన చిక్కటి పాలు కలిపారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి, అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్‌కి అరవై ఏళ్లు దాటాయి. అంటే రోడ్డు మీద చాయ్, ప్యాంట్రీలో గ్రీన్ టీ, రెండూ ఒకే చరిత్రలో రెండు కొమ్మలు. ఒకటి హై క్లాస్, ఒకటి లోకల్ అనడం నాకు నవ్వొస్తుంది.

అయితే ఆ తోటల్లో ఆకు కోసింది ఎవరు? ఇది ప్యాకెట్ మీద రాయరు. ఛోటానాగపూర్ నుంచి, ఒడిశా నుంచి, మన గంజాం, విశాఖపట్నం వైపు నుంచి కూడా కూలీలని ఒప్పందాల మీద తీసుకెళ్లారు. ఒప్పందం మధ్యలో పని మానేస్తే అది నేరం. 1882 చట్టం ప్రకారం, పారిపోయిన కూలీని వారంట్ లేకుండానే తోట యజమాని పట్టుకోవచ్చు. చాలామంది తిరిగి రాలేదు. అస్సాం టీ తోటల్లో ఈ రోజుకీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి.