రుచి - స్మృతి - చరిత్ర: ఇంగ్లండు బీరు ప్రియుల జ్ఞాపకాలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తాగేవారి జ్ఞాపకాలను చరిత్రకారులు చాలాకాలం ఆధారాలుగా గుర్తించలేదు. పన్నుల లెక్కలు, లైసెన్సుల దస్త్రాలు, మద్యనిషేధవాదుల ప్రసంగాలు చరిత్రకెక్కాయి గాని, ఏ బీరు ఎవరికి ఎందుకు ఇష్టమో ఎవరూ నమోదు చేయలేదు. 20వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ స్థితి మారింది. బీరు ప్రియులు తమ రుచులను, జ్ఞాపకాలను పరస్పరం పంచుకోవడం ఒక ఉద్యమంగా పరిణమించి, పరిశ్రమ గమనాన్ని ప్రభావితం చేసింది. ఆ పరిణామాన్ని వివరించి, జ్ఞాపకం చరిత్రకు ఎంతవరకు ఆధారమవుతుందో, ఎక్కడ తప్పుదోవ పట్టిస్తుందో, ఎవరిని విస్మరిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బీరు, పబ్బు, స్మృతి, మౌఖిక చరిత్ర, కామ్రా, కల్లు, సారా వ్యతిరేకోద్యమం.

1. ఉపోద్ఘాతం:

రుచికి దస్తావేజు ఉండదు. ఒక శాసనం శిథిలమైనా దాని నకలు మిగలవచ్చు. ఒక పానీయం తయారీ ఆగిపోతే మాత్రం దాని రుచి తాగినవారి మాటల్లోనే మిగులుతుంది. ఆ మాటలు కూడా అనుభవం నాటివి కావు, తరువాతి కాలానివి. వాటిలో వయసు, స్నేహం, కోల్పోయిన ఊరు, మూతపడిన కర్మాగారం అన్నీ కలగలిసి ఉంటాయి. కాబట్టి “ఆనాటి బీరు బాగుండేది” అనే మాటను బీరు గురించిన సమాచారంగానే కాక, ఆ మాట అన్నవారి కాలం గురించిన సమాచారంగా కూడా చదవవలసి ఉంటుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడటానికి ఇంగ్లండు చరిత్ర మంచి అవకాశం కల్పిస్తుంది. అక్కడ జ్ఞాపకాలతో పాటు, వాటిని సరిచూసుకోవడానికి సమకాలీన పరిశీలనలు కూడా లభిస్తున్నాయి.

2. బోల్టన్ పరిశీలన:

1937లో టామ్ హారిసన్, చార్లెస్ మాడ్జ్, హంఫ్రీ జెన్నింగ్స్ ‘మాస్ అబ్జర్వేషన్’ అనే సంస్థను ప్రారంభించారు. సామాన్యుల దైనందిన జీవితాన్ని శాస్త్రీయంగా నమోదు చేయడం దాని లక్ష్యం. హారిసన్ బృందం లాంకషైర్ ప్రాంతంలోని నూలుమిల్లుల పట్టణం బోల్టన్‌ను ఎంచుకొని, దానికి ‘వర్క్‌టౌన్’ అని మారుపేరు పెట్టింది. పరిశీలకులు పబ్బుల్లో కూర్చొని ఎవరు ఏ గదిలో కూర్చుంటున్నారో, ఏమి తాగుతున్నారో, ఒక గ్లాసు ముగించడానికి ఎంతసేపు పడుతున్నదో రాసుకొన్నారు. ఆ సమాచారమే 1943లో ‘ది పబ్ అండ్ ది పీపుల్’ అనే గ్రంథంగా వెలువడింది.

ఈ గ్రంథం తేల్చిన ముఖ్యాంశం, పబ్బు కేవలం తాగే చోటు కాదన్నది. ఇల్లు, పని చేసే చోటు మినహాయిస్తే పట్టణ ప్రజలు ఎక్కువ కాలం గడిపే ప్రజాస్థలం అదే. ఆనాడు శ్రామికులు ఎక్కువగా తాగినది ‘మైల్డ్’ అనే చవకైన, గాఢత తక్కువైన బీరు. ఒకరి తరువాత ఒకరు బృందంలోని అందరికీ కొనిపెట్టే వంతుల పద్ధతి తాగుడు వేగాన్ని కూడా నియంత్రించేది. ఎవరు ముందు ముగించినా మిగిలినవారి కోసం ఆగవలసిందే. తరువాతి కాలపు జ్ఞాపకాల్లో రుచిగా నిలిచిపోయినది నిజానికి ఈ ఇచ్చిపుచ్చుకోవడమేనని బోల్టన్ నమోదులను చదివినప్పుడు అర్థమవుతుంది.

3. ఎక్కడా లేని పబ్బు:

ఈ గ్రంథాన్ని సమీక్షించినవారిలో జార్జ్ ఆర్వెల్ ఒకరు. 1946 ఫిబ్రవరిలో ఆయన ‘ఈవెనింగ్ స్టాండర్డ్’ పత్రికలో ‘ది మూన్ అండర్ వాటర్’ అనే వ్యాసం రాశారు. తనకు అత్యంత ఇష్టమైన పబ్బును అందులో వర్ణించారు. పాతకాలపు గదులు, మాట్లాడుకోవడానికి వీలైన నిశ్శబ్దం, వచ్చేవారిలో చాలామంది పేర్లు తెలిసిన పరిచారికలు, పిల్లలతో సహా కుటుంబాలు కూర్చొనే తోట అన్నీ అందులో ఉన్నాయి. చివరకు అటువంటి పబ్బు లేనే లేదని ఆయన వెల్లడించారు. తాను కోరుకొనే పది లక్షణాల్లో ఎనిమిది ఉన్న పబ్బు ఒకటి మాత్రమే తనకు తెలుసునన్నారు.

బీరు ప్రియుల స్మృతిసాహిత్యానికి ఈ వ్యాసం ఒక తాళంచెవి. ఇష్టమైన పబ్బును గుర్తుచేసుకొనే వ్యక్తి తరచుగా అనేక పబ్బుల్లోని మంచిని ఒకచోట పోగుచేస్తాడు. ఆర్వెల్ ఆ సంగతిని తానే బయటపెట్టారు, తరువాతి వారిలో చాలామంది బయటపెట్టలేదు. విచిత్రమేమిటంటే, ఎక్కడా లేని ఆ పబ్బు పేరును తరువాతి దశాబ్దాల్లో వెదర్‌స్పూన్ అనే పబ్బుల సంస్థ తన నిజమైన దుకాణాలకు పెట్టుకొన్నది. కల్పిత జ్ఞాపకం వ్యాపారచిహ్నంగా మారిన సందర్భమిది.

4. జీవమున్న బీరు, జీవం లేని బీరు:

రెండవ ప్రపంచయుద్ధం తరువాత బీరు తయారీలో వచ్చిన మార్పును గ్రహిస్తే తప్ప ఈ జ్ఞాపకాల తీవ్రత అర్థం కాదు. సంప్రదాయ ఇంగ్లీషు ఏల్ బ్రూవరీలో పూర్తికాదు. పీపాలో ఈస్టు సజీవంగా ఉండి, పబ్బు నేలమాళిగలో కూడా పులియడం కొనసాగుతుంది. మడ్డి అడుగుకు దిగేదాకా పబ్బు యజమాని ఆగాలి. నేలమాళిగ చల్లదనాన్ని సుమారు 12, 13 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలపాలి. పీపా తెరిచాక కొద్దిరోజుల్లోనే ఖాళీ కావాలి, లేకుంటే పులిసిపోతుంది. అంటే బీరు నాణ్యత సగం తయారీదారుని చేతిలో ఉంటే, సగం పబ్బు యజమాని చేతిలో ఉండేది.

‘కెగ్’ బీరు ఈ రెండో సగాన్ని తొలగించింది. వడగట్టి, పాశ్చరీకరించి, బొగ్గుపులుసు వాయువు ఒత్తిడితో బయటకు తోసే ఈ బీరు ఎక్కడ తాగినా ఒకేలా ఉంటుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. దీనికితోడు విలీనాలు జరిగి, అలైడ్, బాస్ చారింగ్టన్, కరేజ్, స్కాటిష్ అండ్ న్యూకాసిల్, వాట్నీ, విట్‌బ్రెడ్ అనే ఆరు సంస్థలు పరిశ్రమను గుప్పిట్లోకి తీసుకొన్నాయి. పబ్బులనేకం ఈ సంస్థల సొంతం కావడంతో, ఏ ఊరివారు ఏ బీరు తాగాలో ప్రధాన కార్యాలయమే నిర్ణయించసాగింది. స్థానిక బ్రూవరీలు మూతపడ్డాయి. ప్రతి మూతతో ఒక ఊరికి మాత్రమే తెలిసిన రుచి ఒకటి అంతరించింది.

5. జ్ఞాపకం ఉద్యమమైన తీరు:

ఈ మార్పుపై తొలి నిరసన 1963లో ‘కొయ్యపీపా బీరు పరిరక్షణ సంఘం’ రూపంలో వచ్చింది. అయితే పెద్ద మలుపు 1971లో సంభవించింది. ఐర్లండు పశ్చిమతీరంలో విహారానికి వెళ్లిన మైకేల్ హార్డ్‌మన్, గ్రాహమ్ లీస్, జిమ్ మేకిన్, బిల్ మెల్లర్ అనే నలుగురు మిత్రులు డన్‌క్విన్ గ్రామంలోని ఒక బారులో కూర్చొని, తమ దేశపు బీరు దుస్థితిని గురించి మాట్లాడుకొని ఒక సంఘాన్ని స్థాపించారు. 1973 నుండి ‘క్యాంపెయిన్ ఫర్ రియల్ ఏల్’ అనే పేరుతో, సంక్షిప్తంగా ‘కామ్రా’గా అది ప్రసిద్ధమయింది.

కామ్రా చేసిన తొలి పని భాషకు సంబంధించినది. ‘రియల్ ఏల్’ అనే మాట ప్రచారంలోకి రాకముందు, తాగేవారికి అసంతృప్తి ఉన్నా దానికి పేరు లేదు. కొయ్యపీపానా, లోహపు పీపానా అన్నది ముఖ్యం కాదని, పీపాలో ఈస్టు బతికి ఉందా లేదా అన్నదే గీటురాయి అని ఆ మాట స్పష్టం చేసింది. తరువాత అది ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో స్థానం పొందింది. జ్ఞాపకానికి నిర్వచనం దొరికినప్పుడే అది డిమాండుగా మారగలదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

రెండవది, సభ్యుల జ్ఞానాన్ని క్రోడీకరించడం. 1974లో అచ్చయిన ‘గుడ్ బీర్ గైడ్’ ఏ ఊరిలో ఏ పబ్బులో మంచి ఏల్ దొరుకుతుందో సామాన్య సభ్యుల అనుభవం ఆధారంగా తెలిపింది. వాట్నీ బీరును మహమ్మారిలా తప్పించుకోమని మొదట రాసిన వాక్యాన్ని ముద్రణసంస్థ భయపడి మెత్తబరచవలసి వచ్చింది. 1975లో లండనులోని కోవెంట్ గార్డెన్‌లో జరిగిన ప్రదర్శనకు జనం పోటెత్తారు. 1977లో అలెగ్జాండ్రా పాలెస్‌లో తొలి ‘గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్’ జరిగింది.

ప్రభుత్వ స్థాయి ఫలితం 1989లో కనిపించింది. గుత్తాధిపత్య విచారణ సంఘం నివేదిక అనంతరం వచ్చిన ‘బీర్ ఆర్డర్స్’ పెద్ద సంస్థల చేతిలోని పబ్బులకు పరిమితి విధించి, బయటి సంస్థ తయారుచేసిన పీపా బీరునొకదానిని అమ్ముకొనే హక్కును వాటి నిర్వాహకులకు కల్పించాయి. ఫలితం మాత్రం మిశ్రమం. బ్రూవరీలు వదులుకొన్న పబ్బులను కొత్తగా పుట్టిన పబ్బు కంపెనీలు కొనుగోలు చేశాయి. గుత్తాధిపత్యం చేతులు మారిందేగాని పూర్తిగా పోలేదు. 2003లో ఆ ఉత్తర్వులు రద్దయ్యాయి.

6. జ్ఞాపకం తడబడిన చోటు:

బీరు ప్రియుల మధ్య తరతరాలుగా చెలామణి అయిన కథల్లో ‘ఇండియా పేల్ ఏల్’ పుట్టుక కథ ప్రసిద్ధమైనది. లండనులోని బో ప్రాంతపు జార్జ్ హాడ్జ్‌సన్, భారతదేశపు సముద్రయానాన్ని తట్టుకోవడానికి ప్రత్యేకంగా గాఢమైన బీరును కనిపెట్టాడన్నది ఆ కథ. ఇంగ్లండు తీరంలో 1827లో ఒక ఓడ పగిలి, అందులోని పీపాలను వేలం వేయడంతో ఆ బీరు స్వదేశంలోనూ ప్రాచుర్యం పొందిందన్నది దానికి కొనసాగింపు.

బీరు చరిత్రకారుడు మార్టిన్ కార్నెల్ ఈ కథలను పత్రికా ప్రకటనలు, వ్యాపార దస్త్రాలతో పోల్చి చూశారు. హాడ్జ్‌సన్ కొత్త బీరును కనిపెట్టాడనడానికి సాక్ష్యం లేదు. ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెన్లు సొంత వ్యాపారంగా ఆయన బీరును తీసుకువెళ్లేవారన్నది నిజం. నల్లని ‘పోర్టర్’ బీరు కూడా అదే ప్రయాణాన్ని తట్టుకొని భారతదేశానికి చేరింది, సామాన్య సైనికులు తాగినది అదే. ఓడ కథ విషయానికి వస్తే, అది కనిపించేది 1869 నాటి బర్టన్ పట్టణ చరిత్రలో, అంటే చెప్పిన ఏడాదికి నాలుగు దశాబ్దాల తరువాత. ఇక్కడ స్మృతి ఒక సాధారణ వాణిజ్య పరిణామానికి వీరగాథ రూపం ఇచ్చింది. స్థలపురాణాలను పరిశోధించేవారికి ఇది పరిచితమైన ప్రక్రియే. కథ అసత్యమైనంత మాత్రాన నిరుపయోగం కాదు, అది ఎప్పుడు, ఎవరి అవసరం కోసం పుట్టిందన్నది మరొక చారిత్రక ప్రశ్న అవుతుంది.

7. జ్ఞాపకంలో లేనివారు:

ఈ జ్ఞాపకాల్లోని పెద్ద లోటు స్త్రీలు. మధ్యయుగ ఇంగ్లండులో ఏల్ తయారుచేసినవారు అధికంగా స్త్రీలే. హాప్స్ కలిపిన, నిలవ ఉండే బీరు వచ్చి, తయారీ పెట్టుబడితో కూడిన వ్యాపారం కావడంతో వారు క్రమంగా తొలగింపబడ్డారని జూడిత్ బెనెట్ 1996 నాటి తన గ్రంథంలో నిరూపించారు. బోల్టన్ పరిశీలనలో కూడా పబ్బులోని అన్ని గదులూ అందరివీ కావు. బారు ఎదుట నిలబడి తాగే చవకైన గది పురుషులది. స్త్రీలు వస్తే ధర ఎక్కువైన గదిలో కూర్చొనేవారు. లండనులోని ఎల్ వినో అనే వైన్ బారులో కౌంటరు వద్ద నిలబడి తాగే హక్కు కోసం స్త్రీలు న్యాయస్థానానికి వెళ్లి గెలిచింది 1982లో. స్త్రీలను కించపరిచే పేర్లున్న బీర్లను కామ్రా తన ఉత్సవం నుండి నిషేధించింది 2019లో. “అందరూ కలిసే చోటు”గా గుర్తుండిపోయిన పబ్బు ఎవరి ‘అందరి’ని ఉద్దేశించినదో ఈ తేదీలు తెలుపుతున్నాయి.

8. తెలుగు పరిశోధనకు సూచన:

ఈ చరిత్ర తెలుగు పరిశోధకుని ముందు రెండు పనులు ఉంచుతుంది. మొదటిది పదసంపదకు సంబంధించినది. పీపా ఏల్ వలెనే కల్లు కూడా లొట్టిలో పులుస్తూనే ఉండే పానీయం. ఉదయపు కల్లు రుచి సాయంత్రానికి ఉండదు. తాటికల్లు, ఈతకల్లు అన్న భేదం, పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అన్న చెట్ల విభజన, మోకు, ముస్తాదు వంటి గీతవృత్తి పరికరాల పేర్లు ఒక సూక్ష్మమైన జ్ఞానవ్యవస్థకు గుర్తులు. వృత్తిపదాలు గీసేవారి నుండి సేకరింపబడినా, రుచిని వర్ణించే పదాలను తాగేవారి నుండి సేకరించవలసి ఉంది. సీసా మద్యం వ్యాపించినకొద్దీ ఆ పదాలు వాడుక తప్పుతాయి.

రెండవది నైతికమైనది. ఇంగ్లండులో తాగేవారి జ్ఞాపకం ఉద్యమమయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభాన తాగనివారి జ్ఞాపకం ఉద్యమమయింది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చొన్న స్త్రీలు, కూలిడబ్బు సారా దుకాణంలో ఖర్చయిన రాత్రులను ఒకరికొకరు చెప్పుకొన్నారు. ఆ మాటలే 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీశాయి. ఒకే సాయంత్రం దుకాణంలో ఒక రకంగా, ఇంటిలో మరొక రకంగా గుర్తుంటుంది. రెండింటిలో ఒకదానినే సేకరించే చరిత్ర సగం చరిత్రే.

9. ముగింపు:

బోల్టన్ పరిశీలకులు చూసినదాన్ని రాశారు, ఆర్వెల్ కోరుకొన్నదాన్ని రాశారు, కామ్రా సభ్యులు పోగొట్టుకొన్నదాన్ని రాశారు. మూడూ ఆధారాలే, కాని ఒకే రకమైన ఆధారాలు కావు. బీరు ప్రియుల జ్ఞాపకం వ్యాపార దస్త్రాలు చెప్పని విషయాన్ని, అంటే ఒక వస్తువు అంతరించినప్పుడు దానితోపాటు ఏ మానవసంబంధం తెగిపోయిందో చెప్పగలిగింది. సంవత్సరాలు, కారణాలు చెప్పబోయినప్పుడు పొరబడింది. తనతో కూర్చోనివారిని గురించి మౌనం వహించింది. స్మృతిని ఆధారంగా స్వీకరించే పరిశోధకుడు దాని శక్తిని, పొరపాటును, మౌనాన్ని మూడింటినీ కలిపి చదివినప్పుడే రుచి చరిత్రకు అందుతుంది.