బాదం తోటల్లో వాసన ఎర: బుట్ట ఖాళీగా ఉంటే పురుగు లేనట్టేనా?

భారత్‌కు దిగుమతయ్యే బాదంలో అధిక భాగం అమెరికాలోని కాలిఫోర్నియా నుంచే వస్తుంది. అక్కడి బాదం, పిస్తా తోటలకు ప్రధాన శత్రువు నేవల్ ఆరెంజ్ వార్మ్. దీని గొంగళి పురుగు పప్పును తొలిచేస్తుంది. అలా దెబ్బతిన్న గింజల్లో విషపూరిత అఫ్లటాక్సిన్‌ను తయారుచేసే బూజు పెరిగే ముప్పు ఎక్కువ.

పురుగు ఉనికిని లింగాకర్షక బుట్టలతో పసిగడతారు. ఆడ రెక్కల పురుగు వాసనను పోలిన ఎరకు మగవి వచ్చి జిగురుకు అంటుకుంటాయి. వారం వారం లెక్కపెడితే ఉధృతి ఎప్పుడు పెరుగుతోందో తెలుస్తుంది. జులై ప్రాంతంలో బాదం పైతొక్క పగిలే దశ కీలకం. ఆడ పురుగులు ఆ పగిలిన కాయలపైనే గుడ్లు పెడతాయి.

అయితే పురుగులు జతకట్టకుండా తోటంతా ఇదే వాసనను వదిలే పద్ధతీ ఉంది. అక్కడ మగవి దారి తప్పుతాయి, బుట్టలు దాదాపు ఖాళీగా ఉంటాయి. అంతమాత్రాన పురుగు లేదనుకుంటే నష్టమే. అలాంటి తోటల్లో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆడ పురుగుల కోసం నలిపిన బాదం, పిస్తా పప్పును, లేదా ఫినైల్ ప్రొపియోనేట్‌ను ఎరగా పెడతారు.

బుట్ట పురుగును లెక్కిస్తుంది, నిర్మూలించదు. అసలు కట్టడి శీతాకాలంలోనే. చెట్లపై మిగిలిన ఎండు కాయలను ఫిబ్రవరి 1 నాటికి చెట్టుకు సగటున 2కు మించకుండా దులిపి, రాలినవాటిని నుగ్గు చేయాలి.