రేడియో ఎవరిది?

బియ్యానికి కార్డు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్ముతారు. తుపాకీకి లైసెన్సు కావాలంటే సరేనంటారు. ఇంట్లో కూర్చుని పాట వినడానికి కూడా ఏటేటా పోస్టాఫీసుకి వెళ్ళి, డబ్బు కట్టి, పుస్తకంలో బిళ్ళ అంటించుకు రావలసి వచ్చేదంటే మాత్రం పకపకా నవ్వుతారు. "గాల్లో వచ్చేదానికి డబ్బేమిటమ్మా?" అంటుంది మా అమ్మాయి. అడిగింది చిన్నమాటే. జవాబు చెప్పాలంటే వందేళ్ళు వెనక్కి పోవాలి.

మన వైపు గాలిలో మాట వినబడింది 1924లో. చెన్నపట్నంలో సి.వి. కృష్ణస్వామి చెట్టి ప్రభృతులు ఒక రేడియో క్లబ్బు పెట్టి, ఆ జూలై 31న ప్రసారాలు మొదలుపెట్టారు. డబ్బు చాలక మూడేళ్ళకే మూసేశారు. ఆ మూసేసిన 1927లోనే బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ వెలిసింది. రేడియో ఉన్న ఇంటివాళ్ళు ఏడాదికి 10 రూపాయలు కట్టాలి, అందులో 8 రూపాయలు కంపెనీకి పోవాలి. ఇదీ ఏర్పాటు. తీరా చూస్తే ఆ ఏడాది చివరికి ఇంత దేశంలోనూ లైసెన్సులు మూడున్నర వేలు! సెట్టు కొనుక్కుని లైసెన్సు ఊసెత్తని పెద్దమనుషులు ఎందరో. 1930లో కంపెనీ దివాలా తీసింది. ప్రభుత్వమే ఆ బరువు నెత్తికెత్తుకుంది.

ఎత్తుకున్నాక ఊరుకుంటుందా? 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది. 1934 జనవరి 1 నుంచి లైసెన్సు లేకుండా ఇంట్లో రేడియో ఉండటమే నేరం. వినకపోయినా సరే, ఉంటే చాలు! మొదటిసారి పట్టుబడితే 100 రూపాయల దాకా జుల్మానా, మళ్ళీ పట్టుబడితే 250 దాకా. ఇల్లు సోదా చేసే అధికారం కూడా అందులోనే రాసుకున్నారు.

ఆ చట్టంలో ఒక ముక్క ఉంది చూశారూ, అది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. సెట్టు ఎవరి అధీనంలో ఉన్న ఇంట్లో ఉందో, అది వాళ్ళదేనని కోర్టు అనుకోవచ్చునట. మగవాళ్ళు రాసిన చట్టం కదా! ఇల్లు ఎవరి అధీనంలో ఉందో తేల్చడం బహు తేలికనుకుని ఉంటారు.

సూళ్ళూరుపేటలో మా అమ్మమ్మ గారింటికి ఒకనాటి మధ్యాహ్నం తనిఖీకి ఒకాయన వచ్చాడట. మా తాతయ్య క్యాంపులు తిరిగే ఉద్యోగి. లైసెన్సు పుస్తకం ఆయన పేరు మీద, ఆయన ట్రంకు పెట్టెలో ఉంది. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. వచ్చినాయన పుస్తకం చూపించమన్నాడు. "ఆయన ఊళ్ళో లేరండీ" అంది అమ్మమ్మ. "మరి ఈ రేడియో మీదేనా అమ్మా?" అన్నాడాయన. అమ్మమ్మ తడుముకోకుండా, "రేడియో మా ఆయనది, ఇల్లు మా అత్తగారిది. నాదల్లా ఆ పొయ్యి ఒక్కటే నాయనా. దానికేమన్నా లైసెన్సు కావాలంటే చెప్పు, రాయించుకుంటా" అందట. ఆయన నవ్వి, ఆదివారం వస్తానని వెళ్ళిపోయాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. అమ్మమ్మ మాత్రం నవ్వేది కాదు. పొద్దున భక్తిరంజని దగ్గర్నుంచి మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం దాకా వినేది ఆవిడే. తాతయ్య వినేది రాత్రి వార్తలు. పేరు మాత్రం ఆయనది!

సరే, ఇది నెలజీతం వచ్చే ఇంటి ముచ్చట. సూళ్ళూరుపేట నుంచి తూర్పుగా పులికాటు చెరువు దాటితే శ్రీహరికోట. ఒకవైపు చెరువు, ఒకవైపు బంగాళాఖాతం, మధ్యన సన్నగా సాగిన నేల. యానాదుల ఊళ్ళు, అడవి, సరుగుడు తోటలు. రాకెట్లు రాకముందు అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. 1969లో ఆ చోటును రాకెట్ల కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. ఆకాశం సంగతి చూసే పెద్దలు వచ్చారు సరే, ఆ చుట్టుపక్కల తీరం పొడుగునా సముద్రం మీద బతికే ఇళ్ళకి కావలసింది మరొకటి ఉంది. రేపు గాలి ఎలా ఉంటుంది? వేటకి పోవచ్చా, కూడదా?

ఆ మాట చెప్పేది రేడియో. "మత్స్యకారులు సముద్రం మీదికి వెళ్ళరాదని హెచ్చరిక" అన్న ముక్క మనకి పాటల మధ్య వచ్చే ఆటంకం. ఒడ్డున బిడ్డనెత్తుకుని నుంచున్న ఇల్లాలికి అది మొగుడి ప్రాణం. మద్రాసు, విజయవాడ కేంద్రాలు వినడానికి ఒక్క బ్యాండు ఉన్న ట్రాన్సిస్టరు చాలు. కాని దానికీ లైసెన్సు కావాలి. మామూలు రేడియోకి ఏడాదికి 15 రూపాయలు, చవకరకం సెట్టుకి కొంత తక్కువ. తక్కువే గాని, కట్టడానికి పోస్టాఫీసున్న ఊరికి పోవాలి, కాగితం నింపాలి, సంవత్సరం మారగానే మళ్ళీ గుర్తుపెట్టుకుని పోవాలి. అక్షరం రాని మనిషికి రూపాయల కంటే ఈ కాగితమే బరువు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. 1979 మే నెలలో మరో పెద్ద తుఫాను నెల్లూరు, ఒంగోలు వైపే విరుచుకుపడింది. ఇవన్నీ తలుచుకుంటే ఆ రుసుము పాటకి కట్టేదా, ప్రాణానికి కట్టేదా అనిపించదూ?

విచిత్రమేమిటంటే, సోదాలూ జుల్మానాలూ రాసిన ఆ 1933 చట్టంలోనే, ఫలానావాళ్ళకి మినహాయింపు ఇవ్వవచ్చునని కూడా ఒక సెక్షను ఉంది. తలుపుకి గొళ్ళెం పెట్టినవాళ్ళే పక్కన ఒక కిటికీ కూడా పెట్టారన్నమాట. 1980లో ఆ తలుపే సగం తెరుచుకుంది. ఒకటి, రెండు బ్యాండ్ల రేడియోలకి లైసెన్సు అక్కరలేదన్నారు. ఆ ఏడే, జూలై 18న, శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అంతకు ముందు ఏడాది ఆగస్టు 10న అదే రకం రాకెట్టు సముద్రంలో పడిపోయింది. అందుకే ఈసారి దేశమంతా పండగ చేసుకుంది, పత్రికలన్నీ రాశాయి. ట్రాన్సిస్టరు సంగతి ఎవరికి గుర్తుంది? ఆ పండగ రోహిణిదే కావచ్చు, నాకు మాత్రం రెండోదీ చిన్న విజయంగా కనబడదు.

ఎందుకంటారా? ఆ మినహాయింపు కోసం ఎవరూ దరఖాస్తు పెట్టుకోనక్కరలేకపోయింది. పేదరాలినని కరణం దగ్గరో మునసబు దగ్గరో రాయించుకు రానక్కరలేదు. మొగుడి పేరు, ఇంటి నంబరు, సంతకం, వేలిముద్ర ఏదీ అక్కరలేదు. సెట్టు చిన్నదైతే చాలు. చిన్న సెట్టు కొనేది చిన్న సంపాదన ఇల్లే కదా! సాయం అందవలసినచోటికి తనంతట తానే నడిచి వెళ్ళింది.

1984 నవంబరులో మరో తుఫాను వచ్చి సరిగ్గా శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. వందలమంది పోయారు. రేడియో ఉంటే అందరూ బతికేవారని నేను అనను. కాని గుడిసెలో చిన్న ట్రాన్సిస్టరు పెట్టుకున్న మనిషి, ఆ రాత్రికి, తనిఖీవాళ్ళ భయం లేకుండా దాన్ని గట్టిగా పెట్టుకునే హక్కు వచ్చి నాలుగేళ్ళయింది. ఆ దరిదాపుల్లోనే మిగిలిన రేడియోలకీ, టీవీలకీ కూడా లైసెన్సు ఎత్తేశారు.

అడిగితేనే ఇచ్చే మినహాయింపు ఎలా ఉంటుందో చూడాలంటే సీమకి పోవాలి. ఇంగ్లండులో 1922 నుంచి రేడియోకి లైసెన్సు. ఉత్త రేడియోకి 1971లో తీసేశారు గాని, టీవీకి ఇప్పటికీ ఉంది. 2000 నవంబరు నుంచి 75 ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ ఉచితమన్నారు. 2020 ఆగస్టులో దాన్ని బిగించి, పేద వృద్ధులకిచ్చే పింఛను సాయం తీసుకునేవాళ్ళకి మాత్రమే అన్నారు. ఆ సాయానికి అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టని ముసలివాళ్ళు అక్కడా ఎందరో! జర్మనీలో 2013 నుంచి రేడియో ఉన్నా లేకపోయినా ఇంటికింతని కట్టాలి. 2021లో అది నెలకి 18.36 యూరోలు అయింది. అక్కడ చదువుకోబోయిన మన పిల్లలు ఒకే ఇంట్లో నలుగురుంటే ఒక్కరు కడితే చాలు. ఆ సంగతి ముందు తెలుసుకున్నవాళ్ళకి డబ్బు మిగులుతుంది, తెలియనివాళ్ళకి ఉత్తరాలు వస్తాయి.

అలాగని మనకి ఇప్పుడంతా ఉచితమని మురిసిపోనక్కరలేదు. ఆకాశవాణీ, దూరదర్శనూ నడిచేది మనం కట్టే పన్నులతో, ప్రకటనలతో. లైసెన్సు పోయింది గాని ఖర్చు పోలేదు, కనబడకుండా పోయింది. ఏడాదికి 15 రూపాయలకి గొణిగిన ఇళ్ళల్లోనే, 2019లో కేబులు చానెళ్ళ మొదటి నూటికి నెలకి 130 రూపాయలు, ఆపైన పన్ను కట్టాం. నెలనెలా కట్టనక్కరలేని మార్గమూ ఉంది. 2004 డిసెంబరులో దూరదర్శన్ మొదలుపెట్టిన ఉచిత డిష్షు అదే. ఒక్కసారి గొడుగూ పెట్టే కొనుక్కుంటే సరి. చానెళ్ళు తక్కువైతే కావచ్చు, కొన్ని ఇళ్ళకి అదే మనశ్శాంతి!

మీ అటక మీద పాత సామానులో ఎప్పుడైనా రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే చిత్తుకాగితాలవాడికి వెయ్యకండి. పేరు ఎవరిదో చూడండి. ఆ ఇంట్లో ఆ రేడియో ఎక్కువగా విన్నది ఎవరో పెద్దవాళ్ళని అడగండి. ఆ రెండో పేరు కూడా పక్కన పెన్సిలుతో రాసిపెట్టండి.